రంగస్థల నటులకు కెమెరా పాఠాలు: ఒక వారాంతపు శిక్షణ కోర్సుపై సమీక్ష

పరిషత్తు నాటకాల్లో, అంటే నాటక పోటీల్లో, ఏళ్ల తరబడి వేషాలు వేసి, ఉత్తమ నటుడి బహుమతులు అందుకున్నవారు కూడా సినిమాలోనో సీరియల్లోనో చిన్న పాత్ర కోసం ఆడిషన్‌కు వెళ్లినప్పుడు తరచుగా వినే మాట ‘మీ నటనలో నాటకం కనిపిస్తోంది’ అన్నది. అలా అన్నవారికి దాన్ని విడమరచి చెప్పే తీరిక ఉండదు. విన్నవారికి ఏది మార్చుకోవాలో అంతుపట్టదు. ఆ లోటు తీరుస్తామంటూ హైదరాబాద్‌లో కొన్ని శిక్షణ సంస్థలు రంగస్థల అనుభవం ఉన్నవారి కోసమే వారాంతపు కోర్సులు నడుపుతున్నాయి. గుంటూరు ప్రాంతంలో ఉద్యోగం చేసుకుంటూ ఒక నాటక సమాజంలో వేషాలు వేస్తున్న నేను ఈ మధ్య అలాంటి ఒక కోర్సు పూర్తి చేశాను. అందులో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, గట్టిగా తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. అందుకే సంస్థ పేరు ప్రస్తావించకుండా కోర్సు తీరును మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇలాంటి కోర్సులో చేరాలనుకునే నాటక మిత్రులకు ఏ సంస్థనైనా తూచి చూసుకోవడానికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

తరగతులు శని, ఆదివారాల్లో జరుగుతాయి. ఫీజు రెండు వాయిదాల్లో కట్టవచ్చు. మొత్తం కలిపితే ఒక చిన్న ఉద్యోగి నెల జీతానికి దగ్గరగా ఉంటుంది. దీనికి తోడు ప్రతి వారం రాకపోకల ఖర్చు, బస ఖర్చు మనవే కాబట్టి జిల్లాల నుంచి వచ్చేవారికి అసలు ఫీజుకంటే అదే భారమవుతుంది. మా బ్యాచ్‌లో బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివిన యువకులు, ఒక పద్యనాటక కళాకారుడు, కళాజాతాల్లో పాటలు పాడుతూ పెరిగిన ఒక యువతి ఉన్నారు. ఇంత భిన్నమైన నేపథ్యాలను ఒకే పాఠంతో సరిపెట్టడం ఎలాగన్న ప్రశ్నకు సంస్థ దగ్గర సరైన సమాధానం లేదు. పద్యనాటకం నుంచి వచ్చినవారి గొంతుకు ఉండే అలవాటు ఒకటి, సాంఘిక నాటిక నుంచి వచ్చినవారి శరీరానికి ఉండే అలవాటు ఇంకొకటి. వారిని విడివిడిగా కూర్చోబెట్టి ఒకటి రెండు తరగతులైనా చెప్పి ఉంటే ఫలితం మెరుగ్గా ఉండేది.

కోర్సు మొత్తంలో అత్యుత్తమమైన భాగం కెమెరాను గురించి చెప్పిన తరగతులు. ఛాయాగ్రహణ విభాగంలో చాలాకాలం పనిచేసిన ఒక అధ్యాపకుడు వాటిని బోధించారు. ఆయన నటన గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ముందు లెన్స్ ఏం చూస్తుందో చూపించారు. ఒకే మనిషిని ఒకే చోట నిలబెట్టి, వైడ్ లెన్స్‌తోనూ, 85 మిల్లీమీటర్ల లెన్స్‌తోనూ తీసి, రెండింటినీ మానిటర్ మీద పక్కపక్కన వేశారు. మొదటిదానిలో చేయి ఎత్తడం ఒక చిన్న కదలిక. రెండోదానిలో కనురెప్ప వాలడమే ఒక సంఘటన. క్లోజప్‌లో ఫోకస్ పట్టు ఎంత సన్నగా ఉంటుందో, మాటను ఒత్తి పలకడం కోసం నటుడు నాలుగు అంగుళాలు ముందుకు వంగితే ముఖం ఎలా మసకబారుతుందో కళ్లకు కట్టినట్టు చూశాక, ‘తగ్గించండి’ అన్న మాటకు మొదటిసారిగా నాకు ఒక కొలత దొరికింది. అభినయం తగ్గించడమంటే భావం తగ్గించడం కాదని, ఫ్రేము ఎంత ఉందో తెలుసుకుని ఆ మేరకు దేహాన్ని వాడుకోవడమని ఆ ఒక్క మధ్యాహ్నంలో అర్థమైంది.

మైకుకు సంబంధించిన పాఠం కూడా అంతే విలువైనది. మన పరిషత్తు వేదికల మీద మైకులు సాధారణంగా ముందు వరుసలో ఉంటాయి. ముఖ్యమైన డైలాగు వచ్చేసరికి నటుడు తనకు తెలియకుండానే మైకు వైపు జరుగుతాడు, ఎదుటి పాత్రతో మాట్లాడుతున్నా ముఖాన్ని ముప్పావు వంతు ప్రేక్షకుల వైపు తిప్పి ఉంచుతాడు. ఇది లోపం కాదు, వేదిక నేర్పిన అవసరం. చొక్కాలో లాపెల్ మైకు పెట్టినప్పుడు ఆ అవసరం పోతుంది గానీ అలవాటు పోదు. ఆ అధ్యాపకుడు మా అందరి చేతా ఒకే సన్నివేశాన్ని మొదట వేదిక మీద వేసినట్టు, తర్వాత ఇద్దరు మనుషులు వంటింట్లో మాట్లాడుకున్నట్టు, ఆ తర్వాత పక్కగదిలో నిద్రపోతున్నవారు లేవకుండా మాట్లాడుకున్నట్టు చేయించారు. మూడో పద్ధతిలో గొంతు తగ్గింది గానీ మాటలోని పదును తగ్గలేదు. ఊపిరి మీద పట్టు ఉన్న రంగస్థల నటుడు తక్కువ స్థాయిలో కూడా ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా పలకగలడని ఆయన గుర్తించి చెప్పడం మా బ్యాచ్‌కు ఎంతో ధైర్యమిచ్చింది.

సెట్ మీద రోజూ వినిపించే పదాలు, వాటి వెనక ఉన్న పనితీరు కూడా ఈ తరగతుల్లోనే వచ్చాయి. మాస్టర్ షాట్ (సన్నివేశమంతా కనిపించేది), సజెషన్ షాట్ (ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపేది), క్లోజప్ అనే వరుసలో ఒకే సన్నివేశాన్ని పలుమార్లు తీస్తారు కాబట్టి, ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తామో, ఏ చేత్తో ఎత్తామో ప్రతిసారీ అలాగే చేయాలి. లేకపోతే ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతకవు. లుక్, అంటే చూపు, ఎటు ఇవ్వాలో దర్శకత్వ విభాగం చెబుతుంది. ఎదుట నటుడు లేకపోయినా, కెమెరా స్టాండ్ పక్కన అతికించిన చిన్న కాగితం ముక్కను చూస్తూ కన్నకూతురితో మాట్లాడినట్టు మాట్లాడాలి. మాస్టర్ షాట్‌లోనే కన్నీళ్లన్నీ ఖర్చుచేసి క్లోజప్ వచ్చేసరికి ఎండిపోయే ప్రమాదం నాటకం నుంచి వచ్చినవారికే ఎక్కువ, ఎందుకంటే వేదిక మీద ఎప్పుడూ పూర్తిగా ఇవ్వడమే మనకు తెలుసు. ఈ జాగ్రత్తలన్నీ ఎక్కడో ఒకచోట దెబ్బతిని నేర్చుకునేవే. వాటిని ముందుగానే చెప్పడం ఈ కోర్సు చేసిన గొప్ప మేలు.

అయితే నటన బోధించిన ప్రధాన శిక్షకుడి ధోరణి దీనికి పూర్తిగా భిన్నంగా ఉంది. నాటకం నుంచి తెచ్చుకున్నదంతా గుమ్మం బయట వదిలి రావాలన్నది ఆయన మొదటి రోజు చెప్పిన మాట, చివరి రోజు వరకూ పాటించిన పద్ధతి. పద్యనాటక కళాకారుడు ఒక సంభాషణను చక్కని విరుపుతో చెప్పినప్పుడు ఆయన దాన్ని అనుకరించి మిగతావారిని నవ్వించారు. ఆ తరువాత రెండు వారాలపాటు ఆ కళాకారుడి గొంతులో జీవం లేకుండా పోయింది. రంగస్థల నటుల కోసం పెట్టిన కోర్సులో రంగస్థలాన్నే జబ్బుగా చూడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మన సినిమా చరిత్ర కూడా ఆ వైఖరిని బలపరచదు.

తెలుగులో తొలి పూర్తి నిడివి మాటల చిత్రం 1932లో విడుదలైనప్పుడు దాని ముఖ్యపాత్రల్లో ఉన్నది నాటకరంగం వారే. భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. 1936లో ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీగా వచ్చినప్పుడు ఒకదానిలో బళ్లారి రాఘవ, బందా కనకలింగేశ్వరరావు, ఇంకొకదానిలో యడవల్లి సూర్యనారాయణ, సీఎస్ఆర్ ఆంజనేయులు నటించారు. అందరూ వేదిక మీద పేరు తెచ్చుకున్నవారే. వీరిలో బళ్లారి రాఘవ ఉదాహరణ ప్రత్యేకంగా ఆలోచించదగినది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన ఆయన, సాగదీసిన రాగాలాపనలకంటే పాత్రకు తగిన సహజమైన నటనకే పేరుపొందారు. అంటే సహజత్వమన్నది కెమెరా వచ్చాక పుట్టిన గుణం కాదు. వేదిక మీద కూడా దానికోసం పోరాడినవారు ఉన్నారు. అయినా ఆయన సినిమాల్లో నటించింది చాలా తక్కువ. ఆయన ఖ్యాతి అంతా వేదిక మీదే నిలిచింది. వేదిక మీద సహజంగా నటించగలగడం ఒక విద్య, సినిమా రంగంలో కుదురుకోవడం వేరే సంగతి అని దీన్నిబట్టి నేను అనుకుంటాను. శిక్షకులు ఈ రెండింటినీ కలిపేసి, సినిమాలో నిలదొక్కుకోలేనివారిది నటనా లోపమే అన్నట్టు మాట్లాడటం సరికాదు.

జేవీ సోమయాజులు సంగతి చూడండి. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ, తమ్ముడు రమణమూర్తితో కలిసి కన్యాశుల్కం ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్న ఆయన, 1980లో శంకరాభరణంతో ప్రేక్షకలోకానికంతటికీ తెలిశారు. ఆ శంకరశాస్త్రి పాత్రలో చూపరులను కట్టిపడేసేది మాటకంటే నిలబడిన తీరు, వినే తీరు, మౌనం. ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు తాను పాత్రలోనే ఉండి వినడం వేదిక మీద ఏళ్లు గడిపినవారికి వచ్చే విద్య. వేదిక మీద మనల్ని ఎవరూ కత్తిరించి తీసేయరు, కాబట్టి ప్రేక్షకుడు ఎప్పుడైనా మనవైపు చూడవచ్చు. కెమెరా ముందు రియాక్షన్ షాట్ అంటే అదే. ఈ కోర్సులో రియాక్షన్‌ను కొత్త విషయంగా బోధించడానికి వెచ్చించిన సమయంలో సగం ఆదా చేసి, నాటకంలో మేము ఇప్పటికే చేస్తున్న దాన్ని కెమెరాకు ఎలా మళ్లించాలో చెప్పి ఉంటే బాగుండేది.

మరోవైపు, నాటకం వస్తే కెమెరా కూడా దానంతట అదే వస్తుందని వాదించే పెద్దలతో కూడా నేను ఏకీభవించను. నసీరుద్దీన్ షా, ఓం పురి వంటివారు ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ పొందిన తరువాత కూడా పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ విద్యార్థులుగా చేరారు. దేశంలోనే పేరున్న నాటక విద్యాలయం నుంచి వచ్చినవారు సినిమాను వేరే విద్యగా భావించి నేర్చుకున్నారంటే, ఆదివారాల్లో నేర్చుకోవడానికి మనం వెనకాడవలసిన పని లేదు.

నా దృష్టిలో ఈ కోర్సులోని అతి పెద్ద కొరత వేరే ఉంది. నాటకంలో తెర లేచినప్పటి నుంచి పడేవరకు పాత్ర వరుసగా ఎదుగుతుంది. మొదటి రంగంలో విత్తిన కోపం చివరి రంగంలో పండుతుంది. నటుడు ఆ ప్రవాహంలో ఉంటాడు. సినిమాలో లొకేషన్‌ను బట్టి, ఇతర నటుల కాల్షీట్లను బట్టి సన్నివేశాలు ముందువెనకలుగా తీస్తారు. కొడుకు చనిపోయిన సన్నివేశం ఉదయం, ఆ కొడుకు పెళ్లిచూపులు మధ్యాహ్నం తీయవచ్చు. చిన్న పాత్రధారికి పూర్తి స్క్రిప్టు అందదు, ఆ రోజు సీన్ పేపర్ మాత్రమే చేతికొస్తుంది. వేదిక నుంచి వచ్చినవారు అసలు తడబడేది ఇక్కడే, గెలవగలిగేదీ ఇక్కడే. పాత్రను మొత్తంగా ఊహించుకోవడం మనకు అలవాటైన పని. దర్శకత్వ విభాగాన్ని మర్యాదగా అడిగి, ఈ సన్నివేశానికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరుగుతుంది, పాత్రకు ఏ సంగతి తెలుసు, ఏది తెలియదు అన్నవి రాసుకుని, ప్రతి సన్నివేశానికి భావతీవ్రతను ఒక పట్టికగా వేసుకుంటే ఆ ప్రవాహాన్ని కాగితం మీదైనా నిలుపుకోవచ్చు. ఈ పద్ధతిని కోర్సులో ఒక సహాయ శిక్షకురాలు మేము అడిగితేనే, అదీ విరామ సమయంలో, వివరించారు. ఆమె గీసి చూపిన పట్టికను నేను ఇప్పుడు నాటకానికి కూడా వాడుతున్నాను. పాఠ్యక్రమంలో దీనికి కనీసం ఒక పూర్తి వారాంతం కేటాయించాలి.

డబ్బింగ్ తరగతికి మాత్రం నేను మనస్ఫూర్తిగా నూటికి నూరు మార్కులు వేస్తాను. చిన్న గదే అయినా శబ్దం లీకు కాకుండా కట్టారు, మంచి మైకు ఉంది, తెర మీద దృశ్యం వేసి పెదవుల కదలికకు తగ్గట్టు మాట పలికించారు. తెలుగు సీరియళ్లలో కన్నడ ప్రాంతం నుంచి వచ్చిన నటీనటులు ఎక్కువగా ఉండటం, వారికి వేరేవారు గొంతు ఇవ్వడం అందరికీ తెలిసిందే. అందువల్ల ఉచ్చారణ శుద్ధి, పాత్రను గొంతుతోనే నిలబెట్టగల శక్తి ఉన్న రంగస్థల నటులకు ఇక్కడ నిజమైన ఉపాధి ఉంది. ఒత్తులు, శ, ష, స భేదాలు, ళ, ల తేడాలు వేదిక మీద మనకు గురువులు కర్రుచ్చుకుని నేర్పినవే. తెర మీద ముఖం కనిపించాలన్న కోరికతో వచ్చిన మా బ్యాచ్‌లో కొందరు ఈ తరగతిని తేలిగ్గా తీసుకున్నారు గానీ, చాలామందికి మొదటి పారితోషికం వచ్చే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. శిక్షకురాలు స్వయంగా డబ్బింగ్ కళాకారిణి కావడంతో పాఠమంతా పని అనుభవంతో నిండి ఉంది.

సీరియల్ చిత్రీకరణ గురించి ఒక పూట మాత్రమే చెప్పారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయ్యాక, 1995లో జెమిని, ఈటీవీలు వచ్చాక తెలుగులో టెలివిజన్ నటులకు ఎంతగా పని పెరిగిందో తెలిసినదే. ఇప్పుడు నాటకం నుంచి వచ్చేవారికి సినిమాకంటే సీరియలే ముందుగా తలుపు తీస్తోంది. రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు రోజుకు చాలా సన్నివేశాలు తీయాలి, కాబట్టి మాటలు బట్టీపట్టే సమయం ఉండదు. సహాయ దర్శకుడు పక్కన నిలబడి డైలాగును చదువుతుంటే నటుడు విని చెబుతాడు. నాటకంలో ప్రాంప్టర్ మీద ఆధారపడటాన్ని చిన్నతనంగా భావించే మనకు ఇది మొదట మింగుడుపడదు. అయితే ప్రాంప్టింగ్ వింటూనే చూపు పక్కకు పోకుండా, ముఖంలో ‘వింటున్న’ భావం కనిపించకుండా నటించడం కూడా సాధన కావలసిన నైపుణ్యమే. దీన్ని నోటితో చెప్పి వదిలేయకుండా సాధన చేయించి ఉండవలసింది.

ఇక అవకాశాలకు దారి చూపిస్తామన్న హామీ గురించి. కరపత్రంలో ప్రముఖ నిర్మాణ సంస్థల ప్రతినిధులు వస్తారని ఉంది. వచ్చింది పాత్రలకు నటులను ఎంపిక చేసే విభాగంలోని ఒక కాస్టింగ్ అసిస్టెంట్, నటులకు అవకాశాలు కుదిర్చే ఒక కో-ఆర్డినేటర్. వారు చెప్పిన విషయాలు ఉపయోగకరమైనవే. సెల్ఫ్ టేపులో, అంటే ఆడిషన్ కోసం మనమే తీసి పంపే వీడియోలో, కెమెరాను కంటి ఎత్తులో పెట్టాలి, వెనక గోడ ఖాళీగా ఉండాలి, పేరు, ఎత్తు, ఊరు చెప్పి రెండు పక్కల ముఖం చూపించాలి, పారితోషికంలో కో-ఆర్డినేటర్ కమిషన్ ఎంతో ముందే మాట్లాడుకోవాలి వంటివి. కాకపోతే హామీ ఇచ్చినదానికి, నిజంగా అందించినదానికి మధ్య ఇంత దూరం ఉండకూడదు. ఫీజు కట్టేవారిలో చాలామంది ఆ ఒక్క వాక్యం చూసే కడతారు.

ఇక్కడే నాకు ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. పూర్వం సినిమావారు నాటకశాలకు వచ్చేవారు. రావు గోపాలరావు నాటకం చూసి ఎస్వీ రంగారావు ఆయనను చిత్రరంగానికి పరిచయం చేశారు. ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు తీసినప్పుడు, అదే మండలి నుంచి వచ్చిన అల్లు రామలింగయ్యకు అది మొదటి సినిమా అయింది. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నటించిన ప్రాణం ఖరీదు నాటకం 1978లో సినిమాగా మారినప్పుడు ఆయనా అందులో నటించారు. అంటే నటుడు తన సమాజంతో, తన నాటకంతో, నిరూపించుకున్న పాత్రతో తెర మీదకు వెళ్లేవాడు. ఇప్పుడు అతడు ఒంటరిగా, ఫోనులో తీసిన ఒక నిమిషం వీడియోగా వెళ్తున్నాడు. గంటసేపు పాత్రను మోయగల శక్తి ఆ నిమిషంలో కనిపించదు. శిక్షణ సంస్థ నిజంగా రంగస్థల నటులకు మేలు చేయాలనుకుంటే, బ్యాచ్ చివర ఒక నాటికను వేయించి, కాస్టింగ్ విభాగాల వారిని పిలిచి చూపించాలి. అభిప్రాయ పత్రంలో నేను ఈ సూచన వివరంగా రాశాను. నిర్వాహకులు ఫోన్ చేసి మాట్లాడారు గానీ ఖచ్చితంగా చేస్తామని చెప్పలేదు.

ఆలస్యం సంగతి కూడా శిక్షకులు దాచకుండా చెప్పి ఉండవలసింది. కోటకు 1978లో తొలి సినిమా వచ్చినా, ప్రతిఘటనలోని మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసతో పేరు తెచ్చుకున్నది 1985లో, అహ నా పెళ్లంటలోని పిసినారి లక్ష్మీపతిగా ఇంటింటికీ తెలిసినది 1987లో. గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జయప్రకాశ్ రెడ్డి 1988లో బ్రహ్మపుత్రుడుతో తెర మీదకు వచ్చినా, రాయలసీమ యాసతో ఆయనకు స్థిరమైన గుర్తింపు వచ్చింది 1997లో ప్రేమించుకుందాం రా, 1999లో సమరసింహారెడ్డి సినిమాలతోనే. అంత పేరు వచ్చాక కూడా ఆయన అలెగ్జాండర్ ఏకపాత్ర నాటకాన్ని ఊరూరా ప్రదర్శించారు. ఈ ఇద్దరినీ నిలబెట్టినది ప్రాంతీయ యాసను, మనుషుల తీరును వేదిక మీద మలచుకున్న పద్ధతి. మా తరగతిలో మాత్రం శ్రీకాకుళం, చిత్తూరు యాసలున్న నటుల చేత కూడా ‘న్యూట్రల్’ తెలుగు పేరుతో ఒకే రకమైన మాట పలికించారు. ప్రాంతీయ నేపథ్యంతో కథలు ఇంతగా వస్తున్న కాలంలో ఇది నటుడి చేతిలోని ఆస్తిని లాక్కోవడమే. రెండూ పలకడం నేర్పాలి, ఒకటి మాన్పించకూడదు.

చివరగా ఇచ్చిన షోరీల్ (నటుడి నటన నమూనాల వీడియో) విషయంలో నాకు తీవ్రమైన అసంతృప్తి ఉంది. ఒప్పుకున్న గడువు దాటి చాలా ఆలస్యంగా అందింది; అందినదానిలో కూడా నేపథ్య సంగీతం గొంతును మింగేసింది. వాచికమే, అంటే మాట పలికే తీరే, ప్రధాన బలమైన నటుడికి మాట వినిపించని రీల్ ఇవ్వడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. పట్టుబట్టి అడిగాక సంగీతం తీసేసి మళ్లీ పంపారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. పోర్ట్‌ఫోలియో ఫోటోలు మాత్రం తమ దగ్గరే తీయించుకోవాలని ఒత్తిడి చేశారు, ఆ ధర బయటి స్టూడియోలకంటే ఎక్కువ. నిజానికి పాత్రలకు ఎంపిక చేసేవారికి కావలసింది మేకప్ లేని నాలుగైదు స్పష్టమైన ఫోటోలు. ఆ మాట అతిథిగా వచ్చిన కాస్టింగ్ అసిస్టెంటే అదే గదిలో చెప్పారు.

వసతుల గురించి క్లుప్తంగా: గదులు శుభ్రంగా ఉన్నాయి, మహిళలకు వేరుగా దుస్తులు మార్చుకునే గది ఉంది, సాయంత్రం ఆలస్యమైన రోజుల్లో మహిళా అభ్యాసకులను బస్సు ఎక్కే వరకు దిగబెట్టే ఏర్పాటు ఉంది. ఈ విషయంలో నిర్వాహకులను ప్రత్యేకంగా అభినందించాలి. ఒక్కో సాధనకు ఇచ్చే సమయం మాత్రం బ్యాచ్ పరిమాణానికి చాలదు. కొన్ని రోజులు కెమెరా ముందుకు వెళ్లే వంతు రాకుండానే తరగతి ముగిసేది.

మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ కెమెరా పాఠాలకు, డబ్బింగ్ గదికి, ఆ సహాయ శిక్షకురాలికి చెందుతాయి. వేదిక మీద కొంతకాలం పనిచేసి, కెమెరా ముందు ఒక్కసారైనా నిలబడినవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. నాటకానుభవం లేనివారు ఇందులో చేరితే సగం తరగతులు అర్థం కావు. ఉద్యోగం వదిలి వచ్చేయాలన్న ఆలోచనతో ఎవరూ చేరవద్దు, వారాంతపు కోర్సు అంత బరువు మోయలేదు. చేరాలనుకునేవారు ఫీజు కట్టే ముందు ఒక తరగతిలో కూర్చుని చూడనివ్వమని అడగండి, గత బ్యాచ్ వారి షోరీల్‌ను సంగీతం లేకుండా వినిపించమనండి, అతిథులుగా ఎవరు వస్తారో, రీల్ ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి వాయిదా మాత్రమే కట్టి, కెమెరా తరగతులు పూర్తయ్యాక రెండోది కట్టే వెసులుబాటు ఈ సంస్థలో ఉంది, అడిగితేనే చెబుతారు. పరిషత్తు పోటీలు జోరుగా సాగే నెలల్లో చేరితే నాటకానికీ తరగతులకూ రెండింటికీ న్యాయం జరగదు, కాబట్టి మీ సమాజం ప్రదర్శనల తేదీలు చూసుకుని, రిహార్సళ్లు లేని కాలంలో మొదలయ్యే బ్యాచ్‌నే ఎంచుకోండి.